మిరప కల్లంలో సువార్త వదిన బొంత

మొన్న మా చర్చిలో సండే స్కూల్ చెప్పే అమ్మాయి కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆమె వచ్చేదాకా పిల్లలను మీరు చూడండి మేడం అని పాస్టరు గారు నన్ను అడిగిండు. ముప్ఫై ఏండ్లు సర్కారు బడిలో పిల్లల మీద గొంతు చించుకొని రిటైరైన దాన్ని, నాకేం కొత్త అని ఒప్పుకున్న. రంగుల బొమ్మలున్న పాఠాల పుస్తకం ఒకటి చేతిలో పెట్టిన్రు. తెరిస్తే రూతు కథ. మొదటి పాఠంలో మొగుడు పోయిన రూతు అత్తతోటి బయలుదేరింది, రెండో పాఠంలో బోయజు చేన్ల పరిగె ఏరింది, మూడో పాఠానికి పెండ్లే అయిపోయింది. నడుమ కల్లం లేదు, నిద్రపోయిన బోయజు లేడు, వెళ్ళి కాళ్ళకాడ పండుకున్న రూతు లేదు. బైబిల్లో ఉన్న మూడో అధ్యాయాన్ని ఎవరో పెద్దమనుషులు పిల్లలకు తగదని మింగేసిన్రు. నాకు పిల్లల ముందే నవ్వు ఆగలేదు. ఏం టీచర్ నవ్వుతున్నరు అని ముందు వరుసల పిల్ల అడిగింది. ఏం చెప్పను? ఆ మూడో అధ్యాయం గురించి నాకు తెలిసినంత ఈ కొత్తగూడెంలో ఏ పాస్టరుకూ తెలువదు. పదేండ్ల వయసులో నేను దాన్ని చేసి చూసిన.

మా ఊరు జూలూరుపాడు దాటినంక అడవి అంచున ఉంటది. యాభై గడపలు, అందులో మా చర్చికి వచ్చేవి ఇరవై. పాస్టరు అయ్యగారు నెలకొక్కసారి బస్సు దిగి వచ్చి రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం ఇచ్చి పోయేటోడు. మిగిలిన ఆదివారాలు పెద్దోళ్ళకు సంఘపెద్దలు, పిల్లలకు మా నాయనమ్మ. ఆమెది మా అరుగు మీద బడి. శనివారం పొద్దుగాలే తెల్లచీరను నీలిమందు నీళ్ళల్లో ముంచి ఆరేసేది. ఆదివారం పొయ్యి ముట్టించొద్దని జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి శనివారం రాత్రికే చేసి మూత పెట్టేది. ఇంత భక్తురాలికి ఒక్కటే బలహీనత, ముక్కుపొడి. చిన్న రేకు డబ్బీ నడుముకు దోపుకొని, ప్రార్థనలో అందరూ కండ్లు మూసుకున్నప్పుడు ఒక పట్టు పట్టేది. నేను కండ్లు తెరిచి చూసేదాన్నని ఆమెకు తెలుసు, కండ్లు తెరిచినందుకు నన్ను కొట్టాలంటే డబ్బీ సంగతి బయటపడ్తదని కూడా తెలుసు. అట్ల మా ఇద్దరి మధ్య ఒప్పందం నడిచింది. ఆమె బైబిలు పేజీలు తిప్పితే ఇప్పటికీ ముక్కుపొడి వాసనే వస్తది, ముఖ్యంగా కీర్తనల దగ్గర.

కథ చెప్పుడు మాత్రం నాయనమ్మదే. పటం తెలువదు, దేశాలు తెలువదు. బెత్లెహేము అంటే మన జూలూరుపాడంత ఊరు అనేది. రూతు పుట్టిన మోయాబు అంటే గోదావరి అవతలి ఒడ్డు. యవలు అంటే ఏందో ఆమె చూడలేదు గనుక రూతు జొన్నకంకులు ఏరేది. ఆ ఆదివారం మూడో అధ్యాయం ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. బోయజు పంట నూర్చి, కడుపునిండ తిని, కుప్ప పక్కన పండుకున్నడట. రూతు మెల్లగ పోయి, కాళ్ళ మీది దుప్పటి తీసి, అక్కడ పండుకున్నదట. ఎందుకట్ల అని మేం అడిగితే, అది పెండ్లాడమని అడుగుడు బిడ్డా, మొగుడు పోయిన ఆడిదానికి దగ్గరి బంధువు తన బట్ట కప్పి నీడ ఇయ్యాలె, పోయిన భూమి విడిపించాలె, గదే విమోచన అని చెప్పింది. చెప్పి, బోయజు ఎంత మంచోడంటే ఆమె వచ్చిన సంగతి ఎవరికీ తెలువొద్దన్నడు, ఆమె పేరు కాపాడిండు అని కూడా చెప్పింది. మాకు ముందుమాటలే చెవికెక్కినయి. ఆఖరు మాట ఎక్కి ఉంటే ఈ కథే ఉండకపోవు.

నాకు తోడు మా చిన్నాయన బిడ్డ రాహేలు. నాకంటే ఏడాది చిన్న, నేనేం చెప్తే అది చేసేది, దొరికిపోతే నాకంటే ముందు ఏడ్చేది. ఆ సాయంత్రం మేమిద్దరం ఇప్పపూలు ఏరుకుంటా మాట్లాడుకున్నం. ఇప్పచెట్ల కింద మార్చిలో ఆ మత్తు వాసనకు అసలే బుర్ర తిరుగుతుండె. రాహేలే అన్నది, సువార్త వదిన కూడా గోదావరి అవతల నుంచే వచ్చింది గదా అని. నిజమే. సువార్త వదిన మొగుడు మాకు వరసకు అన్న, పచ్చకామెర్లతో రెండేండ్ల కింద పోయిండు. పిల్లలు లేరు. పుట్టింటికి పోకుండ అత్త మార్త పెద్దమ్మతోనే ఉండి, కూలికి పోయి ఆమెను సాదుతుండె. ఇంక కథలో అత్త నయోమి ఎవరు, కోడలు రూతు ఎవరు అని వెతకాల్సిన పని లేదు. మిగిలింది బోయజే. మార్త పెద్దమ్మ పెద్దకొడుకు ఇశ్రాయేలన్న ఉన్నడు గానీ అతనికి పెండ్లాం, నలుగురు పిల్లలు, పైగా సంఘపెద్ద. చనిపోయిన తమ్ముని ఎకరం చేను అప్పటి నుంచి తనే దున్నుకుంటుండె, గింజలు మాత్రం తల్లికి కొలిచేది లేదు. కథలో కూడా బోయజు కంటే దగ్గరి బంధువు ఒకడు వెనక్కి తగ్గుతడు గదా, ఆ వేషానికి అతను సరిపోయిండు. తర్వాతి బంధువు వాళ్ళ చిన్నాయన కొడుకు యోబన్న. ఇరవై ఎనిమిదేండ్లు, పెండ్లి కాలే, మాట తక్కువ, కౌలుకు రెండెకరాల మిర్చి వేసిండు. అన్నిటికంటే ముఖ్యం, కల్లంలోనే పండుకుంటుండె.

ఒక్కటే చిక్కు. సువార్త వదినను పోయి కల్లంలో పండుకొమ్మని చెప్పే ధైర్యం మాకు లేదు. చెప్పినా ఆమె చీపురు తిరగేస్తది. అందుకని నేనే ఉపాయం పన్నిన. మనిషి బదులు బొంత పోతే సరిపోతదన్న. ఆమె బొంత ఊరంతటికీ తెలుసు. మార్త పెద్దమ్మ పాతచీరలన్నీ కలిపి కుట్టిన బొంత, నట్టనడుమ సువార్త వదిన పెండ్లినాటి తెల్లచీర ముక్క. దాన్ని చూస్తే యోబన్నకు అర్థమైపోతది, లేచి పెద్దలకాడికి పోతడు, మనకు పెండ్లి భోజనం. రాహేలు ఒకసారి అడిగింది, అక్కా, రూతు దుప్పటి తీసింది గదా, మనం కప్పుతున్నమేంది అని. నీకేం తెలువదు ఊకో అన్న.

అప్పుడు ఒంటిపూట బళ్ళు. మర్నాడు మిట్టమధ్యాహ్నం బడి వదలగానే, సువార్త వదిన ఇంటి దండెం మీద ఆరేసిన బొంత చుట్టి నా నెత్తిన పెట్టుకొని పత్తిచేన్ల నడుమ నుంచి పోయినం. మిరప కల్లం ఎండలో ఎట్లుంటదో చూసినోళ్ళకే తెలుస్తది. అరెకరం నేల ఎర్రగ పరిచి ఉంటది, కండ్లు మండుతయి, ముక్కులో సూదులు గుచ్చినట్టుంటది. యోబన్న రాత్రంతా వానకూ అడవిపందులకూ కావలి ఉండి, ఆ పూట పాక నీడలో వెల్లకిల పడి నిద్రపోతున్నడు. బొంత పరిచినం. కాళ్ళ మీద మొదలుపెడితే పొడుగెక్కువై ఛాతీ దాకా వచ్చింది. మార్చి ఎండలో మనిషి మీద బొంత. రాహేలు ముక్కు మూసుకున్నా ఆగక ఏడు తుమ్ములు తుమ్మింది, నేను లెక్కపెట్టిన. యోబన్న ఒకసారి పక్కకు ఒత్తిగిల్లిండు, అంతే. మేం మిర్చి మీద కప్పే పట్టాల కుప్ప వెనక దాక్కొని బోయజు లేచే ఘడియ కోసం చూసుకుంటా కూసున్నం.

బోయజు లేవకముందే తెల్లబడ్డ తాలుకాయలు ఏరే ఆడోళ్ళు వచ్చిన్రు. ఆరుగురు. మేం ఆ లెక్క చూసుకోలేదు. వాళ్ళల్ల సువార్త వదిన ఉన్నది. ముందు నడిచే ఆమె ఆగిపోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. మిగిలినోళ్ళు ఆగిన్రు. సువార్త వదిన ఆ బొంతను చూసింది, నడుమనున్న తెల్లగుడ్డను చూసింది. పోయి తన జాగలో కూసొని, తల వంచుకొని, మంచికాయ మంచి దిక్కు, తాలుకాయ తాలు దిక్కు వేసుకుంటా పోయింది. కాసేపటికి మంచికాయలు కూడా తాలు దిక్కే పడుతుండె, అది మాకు అక్కడికి కూడా కనపడ్డది. యోబన్న చెమటతో తడిసి లేచిండు. బొంతను చూసిండు, ఆడోళ్ళను చూసిండు. అప్పుడే రాహేలు ఎనిమిదోసారి తుమ్మింది. యోబన్న పట్టాల కుప్ప దిక్కు చాలాసేపు చూసి, బొంత మడతపెట్టి పక్కన పెట్టి, బిందెల నీళ్ళు తాగిండు.

పొద్దుమూకే సరికి బోరింగు కాడ ఆ సంగతి ఐదు రకాలుగా తయారైంది. సువార్త వదిన నీళ్ళకు రాలే, మర్నాడు కూలికి ఎవరూ పిలవలే. మూడోనాడు ఇశ్రాయేలన్న మా అరుగు మీదికి వచ్చి నాయనమ్మతో చెప్తుండె, ఆదివారం అయ్యగారు వస్తున్నరు, సంఘంలో మాట పెడ్తున్న, ఆమెను పుట్టింటికి పంపాలె, మా అమ్మ నా ఇంటికి వస్తది అని. నాయనమ్మ అడిగింది, మరి ఆ ఎకరం అని. ఇంటిది ఇంట్లనే ఉంటది గదా అన్నడు. నేను తలుపు వెనక ఉన్న. అప్పుడు అర్థమైంది నేనేం చేసిన్నో. ఒక మనిషిని గోదావరి దాటించి ఇల్లు లేకుండ చేస్తున్న. చెప్పాలె, అరుగు మీదికి మూడడుగులు. వెయ్యలేకపోయిన. కారణం పెద్దదేం లేదు, భయం. దెబ్బలంటే భయం, ఊరు నవ్వుతదంటే అంతకంటే ఎక్కువ భయం. అన్నం సయించక పండుకుంటే నాయనమ్మ దిష్టి అనుకోదు గనుక, కడుపుల పురుగులని ఆముదం తాగించింది.

ఆదివారం ఆరాధన అయినంక పిల్లలను బయటికి పంపి తలుపులేసిన్రు. మేం కిటికీ చువ్వలు పట్టుకొని వేలాడినం. ఇశ్రాయేలన్న చెప్పాల్సింది చెప్పిండు, బాధపడుకుంటానే చెప్పిండు, చానా పొడుగు చెప్పిండు. మార్త పెద్దమ్మ లేచి, గా పిల్ల పోతే నేను కూడ దాని ఎంబడే పోత, నీ ఇంటికి రాను కొడకా అన్నది. కథలో కోడలు అత్తతో అన్న మాట, మా ఊర్ల అత్త కోడలి కోసం అన్నది. అయ్యగారు సువార్త వదినను నీవేమంటవమ్మా అని అడిగిండు. ఆమె నాకేం తెల్వదయ్యా అని మాత్రం అన్నది, ఎవరూ నమ్మలే. అప్పుడు మొగోళ్ళ దిక్కు ఆఖరు వరుసల నుంచి యోబన్న లేచిండు. సంఘంలో అతను నోరు తెరవగా నేను అంతకుముందు వినలేదు.

"బొంత నేనే తెచ్చుకున్న అయ్యగారూ. దండెం మీద ఉంటే అడగకుండ తీసుకున్న. సలిజరమొచ్చింది. ఆమెకు తెల్వదు, ఆమె ఇంట్ల కూడ లేదు."

అడగకుండ తీసుకుంటే దాన్నేమంటరు అని ఇశ్రాయేలన్న అడిగిండు. దొంగతనమే అంటరు అని యోబన్న ఒప్పుకున్నడు. అంత సులువుగ ఒప్పుకునే దొంగను అయ్యగారు చూసి ఉండడు, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. మూడు నెలలు యోబుకు సంస్కారం లేదు, వెనక చాప మీద కూసోవాలె అని తీర్పు చెప్పిండు. సువార్త వదిన తల ఎత్తి యోబన్నను చూసింది. ఇశ్రాయేలన్న కూసున్నడు. ఆమెను పంపేదానికి ఇంక సాకు లేదు.

మా నాయనమ్మ మాత్రం యోబన్నను చూడలే. కిటికీ దిక్కు చూసింది. ఆ పూట జొన్నరొట్టె పెట్టి, నేను రెండు ముద్దలు తిన్నంక చెవి పట్టుకున్నది. అంతా చెప్పేసిన, రాహేలు తుమ్ములతో సహా. కట్టె తీస్తదనుకున్న. ఆమె గోడకు ఆనుకొని నవ్వింది. డబ్బీ తీసి నా ముందే ఒక పట్టు పట్టి, తుమ్మి, మళ్ళ నవ్వింది. తర్వాత కొంగు మొహానికి పెట్టుకొని ఏడ్చింది. ఆమె ఏడ్వగా చూసుడు నాకు దెబ్బలకంటే ఎక్కువైంది. లేసి నా చెయ్యి పట్టుకొని కల్లానికి తీసుకపోయింది.

యోబన్న గోనెసంచిలో దిగి మిరపకాయలను కాళ్ళతోటి తొక్కి నింపుతున్నడు. బొంత నేనే కప్పిన యోబన్నా అని చెప్పిన. తొక్కుడు ఆపకుండనే, తెలుసు, గా తుమ్ములు నాకు వినపడవా అన్నడు. వచ్చే ఆదివారం దీన్ని సంఘంల నిలబెట్టి చెప్పిస్త అన్నది నాయనమ్మ. అప్పుడు ఆపిండు.

"ఒద్దు నాయనమ్మా. ఎందుకు కప్పినవే అని అడుగుతరు. ఇది రూతు కథ చెప్తది. ఊరు నవ్వుతది. ఆమె కూలికి పోయినా నీళ్ళకు పోయినా నన్నూ ఆమెనూ కలిపి నవ్వుతరు. మూడు నెలలే గదా, కూసుంట."

"దేవునింట్ల అబద్ధమాడినవు కొడకా" అన్నది నాయనమ్మ.

"అవ్. దానికే అనుకుంటున్న మూడు నెలలు."

మళ్ళ తొక్కుడు మొదలుపెట్టిండు. నాకేదన్న పని చెప్పు అని నేనే అడిగిన, తాలుకాయలు ఏరుతనన్న. పో, ఇంటికి పోయి ముక్కు కడుక్కో అన్నడు. దెబ్బలు తిన్న తప్పు ఒంటి మీద నాలుగు రోజులుండి పోతది. యోబన్న మోసిన నా తప్పు నాకు పోయే దారి లేదు, నెలకొక్కసారి ఆఖరు చాప మీద కూసొని కనపడేది.

అయితే ఆ మూడు నెలల్లో ఒక తమాషా జరిగింది. నలభై ఏండ్లుగా ముందు వరుసల కూసున్న నాయనమ్మ, మొదటి సంస్కారం ఆదివారం నాడు తన చాప చంకన పెట్టుకొని పోయి వెనక కూసున్నది. ముందు గాలి కొడ్తుంది, మోకాళ్ళు గుంజుతున్నయి అన్నది. రొట్టె తన దాకా వస్తే తీసుకోలేదు. రెండో నెల మార్త పెద్దమ్మ మోకాళ్ళు కూడా గుంజినయి. నాయనమ్మ అసలు సంగతి ఆమె ఒక్కదానికే చెప్పింది, మిగిలినోళ్ళకు ఏం తెలువదు, అయినా మూడో నెలకు సంఘంలో సగం ఆడోళ్ళు వెనక్కి వచ్చిన్రు. అయ్యగారు రొట్టె పళ్ళెం పట్టుకొని, ముందు అంత గాలి ఏమొస్తుందమ్మా అని కిటికీ వేయించిండు. ముందు వరుసల ఇశ్రాయేలన్న, సువార్త వదిన మాత్రమే మిగిలిన్రు. నువ్వు మాత్రం ముందే కూసోవాలె, తల ఎత్తి తీసుకోవాలె అని మార్త పెద్దమ్మ కోడలికి ఖరారుగ చెప్పింది. ఆ ఎండాకాలం దాటి తొలకరి పడంగనే, ఖాళీ అయిన ముందు వరుసల కూసొని కూసొని సిగ్గుపడ్డ ఇశ్రాయేలన్న తనంతట తనే తమ్ముని ఎకరం తల్లికి అప్పజెప్పిండు. వెనక చాపల మీది మోకాళ్ళ నొప్పులు కూడా ఆ వారమే నయమైనయి.

ఇది చెప్తే అందరూ అడిగేది ఒక్కటే, మరి వాళ్ళిద్దరికీ పెండ్లయిందా అని. కాలేదు. యోబన్న మధిర దిక్కు పిల్లను చేసుకున్నడు, ముగ్గురు పిల్లలు. సువార్త వదిన తన ఎకరంలో తనే మిర్చి వేసుకొని, మార్త పెద్దమ్మను చివరిదాకా సాది, ఇప్పటికీ ఊర్ల ఉన్నది. పండ్లు పోయినయి గానీ నోరు పోలేదు. నెలకొకసారి ఫోన్ చేసి నా బీపీ ఎంతో అడుగుతది. బొంత సంగతి ఆమెకు తెలుసో తెలువదో నేను అడగలే, ఆమె చెప్పలే.

అప్పటోళ్ళంతా దేవదూతలు, ఇప్పటోళ్ళు పాడైన్రు అని నేను అనను. ఇప్పుడు చర్చికి వాట్సాప్ గ్రూపు ఉన్నది, అప్పుడు బోరింగు ఉండె, వేగంలో పెద్ద తేడా ఏం లేదు. మిర్చి ఇప్పుడు కల్లం నుంచి సీదా కోల్డ్ స్టోరేజికి పోతది, కావలికి కెమెరాలున్నయి, వాటి కింద బొంత కప్పితే నేనూ రాహేలూ పొద్దుమూకకముందే దొరికిపోయేటోళ్ళం. తేడా నాకు ఇంకోకాడ కనపడ్తది. ఇప్పుడు ఎవరి మీద మాట పడినా ప్రతి ఒక్కరం మన తప్పు లేదని ముందు రుజువు చేసుకుంటం. నేనూ అంతే. పక్కమనిషి పేరు నిలవాలని తన పేరు తీసి నేల మీద పెట్టినోణ్ణి నేను తర్వాత ఇంకొకణ్ణి చూడలేదు. అందుకే పోయిన ఆదివారం పుస్తకం మూసి పిల్లలకు మూడో అధ్యాయం మొత్తం చెప్పిన. సాయంత్రానికి ఎవరో తల్లి ఫిర్యాదు చేసింది. పాఠంలో లేనిది ఎందుకు మేడం అని పాస్టరు గారు ఫోన్ చేసిండు. బైబిల్లో ఉన్నది సార్, మీరూ ఒకసారి చదవండి అన్న.

పిల్లలకు ఒక్కటి మాత్రం చెప్పలేదు. పద్దెనిమిదేండ్లకు నా బాప్తిస్మం. మా ఊరి వాగులో ఇచ్చేటోళ్ళు. నీళ్ళల్ల దిగినంక, మునిగే ముందు, ఒడ్డున ఉన్న సంఘమంతా వినేటట్టు మన పాపం మన నోటితో ఒప్పుకొని సాక్ష్యం చెప్పాలె, అది మా కాడ ఆనవాయితీ. నేను నెల రోజుల నుంచి ఆ బొంత మాటే తయారు చేసుకున్న. ఎనిమిదేండ్లు మోసిన, ఇంక దించాలె. వాగు పారకం ఎక్కువని మనుషులను పట్టుకునే పని యోబన్నకు ఇచ్చిన్రు. నడుంలోతు నీళ్ళల్ల ఒక పక్క అయ్యగారు, ఇంకో పక్క యోబన్న, నడుమ నేను. ఒడ్డున సువార్త వదిన నా పొడి చీర పట్టుకొని నిలబడ్డది. గొంతు సవరించుకొని గట్టిగ మొదలుపెట్టిన, "నాకు పదేండ్లప్పుడు సువార్త వదిన..."

అంతే. నెత్తి మీద ఒక చెయ్యి పడి నన్ను నీళ్ళల్ల ముంచేసింది. ముక్కులకు, నోట్లకు వాగు పోయింది. దగ్గుకుంటా పైకి లేస్తే అయ్యగారు నోరు తెరుచుకొని ఉన్నడు, నేనింకా తండ్రి అని కూడా అనలేదు గదా యోబూ అంటున్నడు. కాలు జారింది అయ్యగారూ అన్నడు యోబన్న. ఒడ్డంతా నవ్వులు. నన్ను నిలబెట్టే వంకతోటి వంగి, నా ఒక్కదానికే వినపడేటట్టు అన్నడు:

"మునిగిపోయింది గదమ్మా. ఇంక పైకి తియ్యకు."

అయ్యగారు సర్దుకొని తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నన్ను పద్ధతిగ ఇంకోసారి ముంచిండు. రిజిస్టరులో ఆ రెండోదే రాసిన్రు. నాకు మాత్రం మొదటిదే గుర్తు.